పాత ఇంటిని కూల్చే సలహాలు

హైదరాబాద్ పాతబస్తీలో మా పెద్దనాయన ఇల్లు ఉండేది. నడుమ ఆకాశానికి తెరిచిన భవంతి, దాని చుట్టూ నాలుగు దిక్కులా వసారాలు, టేకు స్తంభాలు, మూరెడు మందం గోడలు. ఇప్పుడు ఆ జాగాలో అయిదంతస్తుల బిల్డింగు ఉంది. బుల్డోజరు వచ్చిన రోజునే ఆ ఇల్లు పోయిందని చుట్టాలు చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. అంతకు పదిహేనేళ్ళ ముందు నుంచీ అది పోతూనే ఉంది. పెళ్ళికొచ్చిన బంధువొకాయన ఒక సలహా ఇచ్చి పోయాడు. కాంట్రాక్టరు ఒకటిచ్చాడు. వీధి చివర ప్లాట్లు అమ్మే పెద్దమనిషి ఇంకొకటిచ్చాడు. ఒక్కో సలహాకు ఇంట్లో ఒక్కో మూల పోయింది.

ఆ తర్వాత పాత ఇళ్ళున్నవాళ్ళు ఎవరు కలిసినా కూర్చోబెట్టి అడుగుతున్నాను. ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, సలహాలు మాత్రం అవే. ఇచ్చేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. చాలామంది మన మంచి కోరే చెబుతారు. అందుకే అవి ప్రమాదం. వాటిని ఒక్కచోట చేర్చి, ఒక్కొక్కటి ఎక్కడ తప్పో, దాని బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను.

1. “ఆ రూల్ ఎప్పుడో ఎత్తేశారు, ఇప్పుడు అడిగేవాడు లేడు”

ఈ మాటలో సగం నిజముంది. ఆ సగమే కొంప ముంచుతుంది.

మన దేశంలో చారిత్రక కట్టడాలకు నగరపాలన స్థాయిలో నియమాలు పెట్టుకున్న తొలి నగరం ముంబయి. అది 1995 ఏప్రిల్. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ కూడా ఆ దారిన నడిచింది. అప్పటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. 1998లో జాబితా వచ్చింది. నూట ముప్పైకి పైగా కట్టడాలు అందులో చేరాయి. కోట్ల ఏళ్ళనాటి రాతి గుట్టల్ని కూడా వారసత్వ సంపదగా లెక్కవేసిన నగరం మనది. జాబితాలో ఉన్న కట్టడాన్ని కూల్చాలన్నా, దానికి కొత్తగా ఏదైనా చేర్చాలన్నా, రూపు మార్చాలన్నా ముందు అనుమతి ఉండాల్సిందేనని ఆ నిబంధన చెప్పేది. ఆ అనుమతి మీద సలహా చెప్పడానికి ఒక హెరిటేజ్ కమిటీ ఉండేది.

2015 డిసెంబరులో ఆ 13వ నిబంధనను తెలంగాణ ప్రభుత్వం తొలగించింది. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. రాష్ట్రస్థాయిలో ఒక అథారిటీ, జిల్లాల్లో కమిటీలు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. పాత జాబితాలోని కట్టడాలన్నిటి సంగతి ఏమిటన్న ప్రశ్న మధ్యలో మిగిలిపోయింది. ఆ సందులో నుంచే “అడిగేవాడు లేడు” అన్న మాట పుట్టింది.

అడిగేవాళ్ళు ఉన్నారని ఎర్రమంజిల్ చూపించింది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన మహలు అది. అసలు పేరు ఇరమ్ మంజిల్. ఇరమ్ అంటే కథల్లోని స్వర్గవనం. కట్టింది ఎర్రమట్టి గుట్ట మీద కాబట్టి తెలుగు నోట అది ఎర్రమంజిల్ అయింది. కొత్త అసెంబ్లీ భవనం కోసం దాన్ని కూల్చాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. వారసులూ, ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్ళూ హైకోర్టుకు వెళ్ళారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మంత్రివర్గమే కూర్చుని చేసిన నిర్ణయం నిలవనప్పుడు, మన వీధి కాంట్రాక్టరు ఇచ్చిన హామీ ఏపాటి నిలుస్తుంది?

చెయ్యాల్సింది ఇది. మీ ఇల్లు ఏ జాబితాలో ఉందో, అసలు ఉందో లేదో కాగితం మీద తెలుసుకోండి. మూడు చోట్ల అడగాలి: కేంద్ర పురావస్తు శాఖ, రాష్ట్ర పురావస్తు శాఖ, మీ కార్పొరేషన్ లేదా పట్టణాభివృద్ధి సంస్థ. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. నోటిమాట మీద ఇటుక కూడా కదిలించకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళు 1960 నాటి పురాతన కట్టడాల చట్టం కిందా, స్థానిక మాస్టర్ ప్లాన్‌లోనూ చూసుకోవాలి.

2. “చార్మినార్ దగ్గర ఇల్లుంటే గోడకు మేకు కూడా కొట్టనివ్వరు, అమ్ముకుని పొండి”

ఇది భయపెట్టి చౌకగా కొనేవాళ్ళ మాట. భయపడ్డవాళ్ళు దాన్ని నమ్మి మరొకరికి చెబుతారు.

చట్టంలో ఉన్నది వేరు. కేంద్రం రక్షిస్తున్న కట్టడాల చుట్టూ 2010లో చేసిన సవరణ ప్రకారం రెండు పట్టీలు ఉంటాయి. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్త కట్టడం కట్టకూడదు. దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ అనుమతితో కట్టుకోవచ్చు. కొలత మొదలయ్యేది మినారు మొదట్లోంచి కాదు, ఆ కట్టడానికి రక్షిత ప్రాంతంగా గీసిన హద్దు నుంచి. చాలా తగాదాలు ఇక్కడే వస్తాయి.

నిషిద్ధ ప్రాంతంలో కూడా ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు. అనుమతి తీసుకోవాలి, అంతే. కాంపిటెంట్ అథారిటీకి దరఖాస్తు పెడితే, అది నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి వెళ్ళి వస్తుంది. ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యం మనిషిని విసిగిస్తుందని నాకు తెలుసు. ఖిలా వరంగల్‌లో కోట మట్టిగోడ లోపలే ఒక ఊరుంది. అక్కడ కొడుక్కి పెళ్ళి చేసి ఒక గది వేసుకోవాలనుకున్న తండ్రికి ఈ చట్టం ఎంత బరువో అక్కడికి వెళ్ళి కూర్చుంటే అర్థమవుతుంది. ఆ బరువు నిజమే. అయినా చెప్పకుండా కట్టేసుకోవడం దానికి మందు కాదు. నిషిద్ధ ప్రాంతంలో అనుమతి లేకుండా కడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా కట్టినదాన్ని తీసేయమంటారు.

దరఖాస్తుతో పాటు ఇంటి నాలుగు వైపుల ఫొటోలు, ఇప్పుడున్న ఎత్తు, చెయ్యబోయే పని వివరంగా రాసి పెట్టండి. “రిపేరు” అని ఒక్క మాట రాసి వదిలేస్తే అది వెనక్కి వస్తుంది. “వాయవ్యం గదిలో కుళ్ళిన మూడు వాసాలు తీసి, అదే కొలతలో కొత్తవి వేస్తాం” అని రాస్తే అధికారికి చదవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

3. “కారనివ్వండి, దానంతట అదే పడిపోతుంది”

అన్ని సలహాల్లోకీ చెడ్డది ఇదే. ఇందులో ఎవరూ ఏమీ చెయ్యరు, అందుకని ఎవరికీ తప్పు చేసినట్టు అనిపించదు. శిథిలమైందని కార్పొరేషన్‌తో నోటీసు ఇప్పించుకుంటే కూల్చడానికి దారి సుగమం అవుతుందని లెక్క.

ఆ నోటీసు 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ కింద వస్తుంది. దాన్ని పూర్తిగా చదివినవాళ్ళు తక్కువ. ప్రమాదకరంగా ఉన్నదాన్ని కూల్చమనడమే కాదు, పడకుండా కట్టుదిట్టం చేయమనీ, మరమ్మతు చేయమనీ కూడా ఆ సెక్షన్ కింద చెప్పవచ్చు. వానాకాలం ముందు శిథిల భవనాల జాబితా తయారు చేసేటప్పుడు అధికారులు కూల్చివేతనే మొదట తలుచుకుంటే, మరమ్మతు అన్న మాటను మీరు గుర్తు చెయ్యండి.

ఉస్మానియా ఆసుపత్రి కథ అందరి కళ్ళ ముందే జరిగింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచేసింది. ఆ తర్వాత నగరాన్ని మళ్ళీ కట్టుకున్న రోజుల్లో మూసీ ఒడ్డున లేచిన కట్టడాల్లో ఇదొకటి. దీని ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్. ఎదుటి ఒడ్డున హైకోర్టుకు కూడా ఆయనే. ఒకే చేతిలో రూపుదిద్దుకుని, ఒకే నదికి అటూ ఇటూ, ఒకే ఎండా వానల్లో నిలబడ్డ రెండు భవనాలు. 2020 జూలైలో ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి నీళ్ళు వచ్చాయి. మంచాల కింద నీళ్ళు నిలిచిన ఫొటోలు ఊరంతా చూసింది. ఆ నెలలోనే ఆ భవనానికి తాళం పడింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. రోగులకు కొత్త ఆసుపత్రి కావాలి, అందులో వాదం లేదు. పాత భవనం గురించి అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇన్నేళ్ళలో దాని కప్పును, తూములను ఎన్నిసార్లు సరిగ్గా చూసుకున్నాం?

పాత ఇల్లు నీళ్ళతోనే చస్తుంది. మిద్దె మీద తూము మూసుకుపోతే నీళ్ళు నిలుస్తాయి. నిలిచిన నీళ్ళు దూలం కొసలోకి, గోడలో దిగి ఉన్న భాగంలోకి దిగుతాయి. దూలం నడుమ గట్టిగా కనిపిస్తుంది, కొస మాత్రం పిండి అవుతుంది. పగుల్లో రావి మొక్క మొలుస్తుంది. రెండేళ్ళకు దాని వేరు రాయిని కదిలిస్తుంది. ఏటా మృగశిర కార్తెకు ముందు ఒక చీపురు, ఒక తట్ట పట్టుకుని మిద్దె ఎక్కండి. దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

4. “సున్నం గోడకు సిమెంటు కొట్టించండి, ఇంకో వందేళ్ళు ఉంటుంది”

ఈ సలహా మా ఇంట్లో అమలైంది, కాబట్టి దగ్గరగా చూసి చెబుతున్నాను.

మా పెద్దనాయన ఇంటి వెనక గోడకు చెమ్మ వచ్చేది. కాంట్రాక్టరు వచ్చి పాత పూత గీకేసి, పావు అంగుళం కూడా వదలకుండా సిమెంటు కొట్టాడు. గోడ నున్నగా, బూడిద రంగులో, కొత్త పెళ్ళికొడుకులా నిలబడింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి నడుం ఎత్తులో పొక్కులు లేచాయి. ఒక రోజు పొద్దున తలుపంత పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనక ఇటుక మీద తెల్లగా ఉప్పు పూసింది. వేలు పెట్టి రుద్దితే ఇటుక ఎర్రటి పిండిలా రాలింది.

అప్పుడు పిలిపించిన ముసలి మేస్త్రీ ఆ పొడిని అరచేతిలో వేసుకుని చూసి, “గోడలున్న చెమ్మ బైటికి పోవాలె బిడ్డా. నువ్వు సిమెంటు కొట్టి దాని మూతి మూసినవ్” అన్నాడు. ఆయన చెప్పిందే శాస్త్రం కూడా చెబుతుంది. సున్నం పూతలో సన్నని రంధ్రాలుంటాయి. నేల నుంచి ఎక్కిన తేమ వాటిలోంచి ఆరిపోతుంది. సిమెంటు గట్టిగా బిగుసుకుని ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే ఉండి ఇటుకను తింటుంది, ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పగలగొడుతుంది.

ఆ మేస్త్రీ గోడను గానుగ సున్నంతో బాగుచేశాడు. ముందు కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో రోజుల తరబడి మగ్గనిచ్చాడు. ఇసుక, ఇటుక పొడి కలిపి మళ్ళీ మళ్ళీ నూరించాడు. వేరే కుండలో కరక్కాయ, బెల్లం నానేసి ఆ నీళ్ళు పోశాడు. “జిగట రావాలె, తాపీకి అంటి విడవద్దు” అని పక్కనున్న కుర్రవాడికి చూపించాడు. పూత పూసిన తర్వాత వారాల తరబడి తడి గోనెపట్టాలు కప్పి ఉంచాడు. ఆ ఒక్క గోడ చివరి రోజు వరకు గట్టిగానే ఉంది. మిగతా మూడింటికి అప్పటికే సిమెంటు పడిపోయింది.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్టు 2013 నుంచి చేసిన పనిలో పెద్ద భాగం ఇదే: 20వ శతాబ్దంలో మంచి మనసుతో పూసిన సిమెంటును తొలిచి తీసి, మళ్ళీ సున్నం పూయడం. ఒక తరం ఇచ్చిన సలహాను సరిచెయ్యడానికి ఇంకో తరం కష్టపడాల్సి వచ్చింది.

మీ కాంట్రాక్టరు “సున్నం పని ఇప్పుడు ఎవరికి వచ్చు?” అంటే, ఆ ప్రశ్నను నిజమైన ప్రశ్నగానే తీసుకోండి. దగ్గర్లో ఏ గుడినో, కోటనో బాగుచేస్తున్న చోటికి వెళ్ళి, అక్కడి మేస్త్రీలను అడగండి. పని ఉన్నచోటే పనివాళ్ళు ఉంటారు. మనం పిలవడం మానేస్తే వాళ్ళ పిల్లలు ఆ పని నేర్చుకోరు.

5. “ముందు గోడ ఉంచేస్తే చాలు, వెనక ఏం కట్టుకున్నా ఫర్వాలేదు”

ఇల్లంతా పోయి ఒక్క ముఖద్వారం మిగిలిన చోట్లు మన ఊళ్ళలో కనిపిస్తూనే ఉన్నాయి. కమాను వెనక పార్కింగ్, దాని వెనక అపార్టుమెంటు. ముఖం ఉంది కదా అంటారు. చనిపోయిన మనిషి ఫొటోకు దండ వేసి, మనిషి ఉన్నాడు కదా అన్నట్టుంటుంది.

పాత ఇంటి తెలివి లోపల ఉంటుంది. మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న భవంతి వేడిగాలిని పైకి పంపుతుంది, వసారా ఎండను ఆపుతుంది, మందపాటి గోడ పగటి వేడిని సాయంత్రం వరకు లోపలికి రానివ్వదు. ముందు గోడ ఒక్కటే మిగిలితే ఇవేవీ మిగలవు.

అసలు నియమాలు ఒక్కో కట్టడంతో ఆగకుండా ప్రాంతాల గురించి, అంటే ప్రిసింక్టుల గురించి మాట్లాడేది ఇందుకే. పత్తర్‌గట్టీని చూడండి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమానుల వరుస అది. ఒక్క దుకాణం అందం కాదు దానిది, కమాను పక్కన కమాను ఒకే ఎత్తులో సాగిపోవడమే దాని అందం. అందులో ఒకాయన పైన ఒక అంతస్తు లేపినా, కమానును మింగేసేలా ఫ్లెక్సీ కట్టినా నష్టం మొత్తం వీధిది. మీ ఇల్లు జాబితాలో లేకపోయినా, మీ పక్కిల్లు ఉండవచ్చు. మీ ఎత్తు, మీ బోర్డు, మీ రంగు దాని మీద పడతాయి. ఈ విషయంలో వీధిలోని వాళ్ళంతా ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే, ఏ అధికారీ రాకముందే సగం పని అవుతుంది.

6. “పాత కట్టడంలో పైసా పుట్టదు, డెవలప్‌మెంటుకు ఇచ్చెయ్యండి”

నలుగురు అన్నదమ్ములకు వాటా ఉన్న ఇంట్లో ఈ సలహా ముందు ఎవరూ నిలవలేరు. ఫ్లాట్ల లెక్క కాగితం మీద కళ్ళకు కడుతుంది. పాత ఇంటి లెక్క ఎవరూ వేసి చూపించరు. వేసి చూడండి.

మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది, రాతి కట్టడం. బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. లోపల అప్పుడూ దుకాణాలే, ఇప్పుడూ దుకాణాలే. ఐస్‌క్రీం కోసం సాయంత్రం జనం నిలబడే చోటు అది. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ 1800ల మొదట్లో కట్టింది. 1949 నుంచి ఆ ఆవరణలో ఆడపిల్లల చదువు సాగుతోంది. ఫలక్‌నుమా 2010 నుంచి హోటలు. ఇవన్నీ పెద్ద కట్టడాలు, ప్రభుత్వానివో పెద్ద కంపెనీలవో అంటారా? కామారెడ్డి జిల్లా దోమకొండ కోట ఒక కుటుంబం చేతిలో ఉన్నదే. దాన్ని బాగుచేసుకున్న తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది.

ఇంకొక దారి కూడా ఉంది, దాని పేరు టీడీఆర్. హెరిటేజ్ కట్టడాన్ని కూల్చకుండా, వాడుకుంటూ కాపాడినందుకు బదలాయించుకోగల అభివృద్ధి హక్కు ఇచ్చే వీలు 2012 నాటి భవన నియమాల్లో, జీవో 168లో ఉంది. మీ జాగాలో పైకి కట్టుకోలేకపోయిన అంతస్తులకు బదులు హక్కు పత్రం వస్తుంది. దాన్ని వేరేచోట కట్టేవాళ్ళకు అమ్ముకోవచ్చు. రోడ్డు వెడల్పులో జాగా పోయినవాళ్ళు దీన్ని బాగా వాడుకుంటున్నారు. పాత ఇంటివాళ్ళలో ఈ సంగతి విన్నవాళ్ళే తక్కువ. బిల్డరు ఇంటికి రాకముందే టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళ్ళి, రాతపూర్వకంగా అడగండి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

7. “హెరిటేజ్ అన్నాక దేన్నీ ముట్టుకోకూడదు”

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఎక్కువ పాత ఇల్లు వద్దనుకునేవాళ్ళు ఇచ్చినవి. ఇది దాన్ని ప్రేమించేవాళ్ళు ఇచ్చే సలహా. ఇదీ అంతే తప్పు.

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత కట్టడంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్ళలో పసిపిల్లలు ఉన్నారు. కింద దుకాణాలు, పైన కాపురం, పైకి కిందికి ఒక ఇరుకు దారి. పాత ఇళ్ళ గురించి రాసే నాలాంటివాళ్ళందరం ఆ రోజును మరిచిపోకూడదు. ఇంటిని కాపాడుతున్నామని చెప్పి అందులో నిద్రపోయే మనుషులను పట్టించుకోకపోతే ఆ మాటకు అర్థం లేదు.

వారసత్వ నియమాలు కాపాడమనేది కట్టడం రూపును, పదార్థాన్ని. అరిగిన వైరును కాపాడమని ఏ నియమమూ అనదు. వైరింగ్ మొత్తం మార్చండి. ఒక్కో గదికి ఎంత లోడు పడుతుందో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించండి, ముఖ్యంగా ఏసీలు పెట్టినచోట. పొగ వచ్చినప్పుడు మోగే పరికరం పెట్టండి. అన్నిటికంటే ముందు రెండో దారి చూసుకోండి. పాత ఇళ్ళలో వెనక వీధికో, పక్కింటి వాకిట్లోకో చిన్న తలుపు ఉండేది. పంపకాలప్పుడు దాన్ని ఇటుకలతో మూసేసి ఉంటారు. దాన్ని తెరిపించండి. ఏం మార్చాలన్నా ముందు చెప్పండి, ఫొటో తీయండి, గోడను వీలైనంత తక్కువ తొలవండి. అంతకు మించి ఎవరూ అడగరు.

8. “పంపకాలు తేలేదాకా తాళం వేసి పెట్టండి”

మూసిన ఇల్లు మనుషులున్న ఇంటికంటే త్వరగా పాడవుతుంది. గాలి ఆడదు, చెద పడుతుంది, తూము ఎవరూ చూడరు. పన్ను కూడా కట్టరు. చార్మినార్ దగ్గర సర్దార్ మహల్ 1900లో కట్టిన భవనం. పన్ను బకాయిల కింద 1965లో అది కార్పొరేషన్ చేతికి వెళ్ళింది. కేసు ఏళ్ళ తరబడి నడిచినా ఫర్వాలేదు, ఇల్లు మాత్రం తెరిచి ఉంచండి. ఎవరికైనా అద్దెకివ్వండి. వాటాదారులంతా కలిసి ఒక చిన్న ఒప్పందం రాసుకోండి: మరమ్మతు ఖర్చు అద్దెలోంచి, మిగిలినది బ్యాంకులో అందరి పేరునా. న్యాయస్థానం రేపు ఎవరికి ఇచ్చినా, ఇవ్వడానికి ఇల్లంటూ ఒకటి ఉండాలి కదా.

పాత ఫొటోలు, పన్ను రసీదులు, దస్తావేజులు ఎక్కడున్నా నకళ్ళు తీసి పెట్టండి. పెళ్ళి ఫొటోల వెనక కనిపించే స్తంభాలు, తలుపులు రేపు మరమ్మతు చేసేటప్పుడు పాత రూపుకు సాక్ష్యం అవుతాయి.

9. “జాబితా చేసి ఫైలులో పెట్టండి, మిగతాది యజమాని చూసుకుంటాడు”

ఈ ఆఖరి సలహా ఇంటివాళ్ళకు కాదు, స్థానిక సంస్థలకు ఎవరో ఇచ్చింది. అక్కడ అది బాగా పాటిస్తున్నారు.

ఒక ఇల్లు జాబితాలో పడిందని యజమానికి పేపర్లో చదివితేనే తెలియడం తప్పు. ఎందుకు పడిందో, ఏ భాగం ముఖ్యమో ఒక పేజీ రాసి ఇవ్వాలి. ఏం చెయ్యకూడదో రాసినంత వివరంగా ఏం చెయ్యొచ్చో కూడా రాయాలి, అదీ తెలుగులో, ఉర్దూలో. చిన్న మరమ్మతులకు నెలరోజుల్లో జవాబు చెప్పే ఏర్పాటు ఉండాలి. జవాబు ఆలస్యమైన ప్రతి వానాకాలం ఒక గోడ కూలుతుంది. ఒక కాపాడే నియమం నాలుగేళ్ళకోసారి మారితే దాన్ని నమ్మేవాళ్ళు ఉండరు. పన్నులో తగ్గింపు ఇవ్వాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీల పేర్లు వార్డు ఆఫీసులో ఉండాలి. ఊరి గౌరవాన్ని కొన్ని కుటుంబాలు తమ ఖర్చుతో మోస్తున్నాయి. ఆ బరువులో ఊరు తన వాటా తీసుకోవాలి. నియమాలు పెట్టే హక్కు ఉన్నవాళ్ళకు ఈ బాధ్యత కూడా ఉంది.

చివరిగా, పాత ఇల్లున్న ప్రతివాళ్ళనూ చేతులు జోడించి అడుగుతున్నాను. ఈ వారం మూడు పనులు చెయ్యండి. మీ ఇల్లు ఏ జాబితాలో ఉందో తెలుసుకోవడానికి ఒక దరఖాస్తు పెట్టండి. నాలుగు వైపులా ఫొటోలు తీసి తేదీ రాసి దాచండి. నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కండి. ఆ తర్వాత ఎవరు ఏ సలహా ఇచ్చినా, మీ దగ్గర కాగితం ఉంటుంది, ఫొటో ఉంటుంది, మీ కళ్ళతో చూసిన సంగతి ఉంటుంది.

మా పెద్దనాయన ఇంటి మిద్దె మీద నాలుగు తూములుండేవి. కూలగొట్టే రోజు పొద్దున పైకెక్కి చూశాను. నాలుగూ వేపాకుతో మూసుకుపోయి ఉన్నాయి.